పప్పు కప్పిన దొంగతనం

మొన్న మధ్యాహ్నం మా బడి స్టాఫ్ రూంలో, కొత్తగా చేరిన లెక్కల టీచర్ తన టిఫిన్ డబ్బా మూత తీసింది. లోపల ఖీమా, అందులో శనగపప్పు. పలుకు చెదరకుండా ఉడికిన పప్పు మాంసపు రసం తాగి, పుదీనాతోనూ లవంగంతోనూ కలిసి వదిలే వాసన ఒకటుంటుంది. ఆ వాసనకు ఎవరికైనా ఆకలి పుడుతుంది. నాకు కోపం పుడుతుంది. పక్కనున్న సోషల్ సారు డబ్బాలోకి తొంగి చూసి, "ఏం టీచరమ్మా, ఖీమాల పప్పేసిన్రా, పప్పుల ఖీమేసిన్రా? దుర్బిన్ వెట్టి ఎత్కాలె" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి మూత మళ్ళీ పెట్టబోయింది. నేను లేచి ఆయన మీద అరిచాను. ఏమన్నానో పూర్తిగా గుర్తులేదు. ఇంట్లో అందరికీ అందాలని పప్పు వేసిన చేతిని చూసి నవ్వడానికి నోరెలా వచ్చిందని అడిగినట్టు గుర్తు. ఇంత చిన్న మాటకు అంత కోపమా అని అందరి ముఖాల మీదా కనిపించింది.

వాళ్ళు అనుకున్నది నిజమే. ఆ కోపంలో ఆ సారు వాటా చాలా తక్కువ. మిగిలినదంతా ఇద్దరిది. ఒకడు జగిత్యాలలో ఒక కాలేజీ ఆఫీసు గదిలో ఇప్పటికీ దర్జాగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రెండో మనిషిని నేనే. ఎవరి తరఫున ఈ కోపమో ఆమె నిరుడు కోరుట్లలో కన్నుమూసింది. పేరు రజియా బేగం. మేమంతా పిన్నిని పిలిచినట్టు రజియా ఖాలా అనేవాళ్ళం. ఆమెను చూడనివాళ్ళకు ఆమె గురించి చెప్పాలంటే ముందు ఆమె వంట గురించి చెప్పాలి, తర్వాత నేను చేసిన పని గురించి చెప్పాలి. రెండోది ఇన్నాళ్ళూ ఎక్కడా రాయలేదు.

మాది మల్లాపూర్ దగ్గర చిన్న పల్లె. నాన్న మస్కట్‌లో ఇళ్ళు కట్టే పనిలో ఉండేవాడు. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చాయని అమ్మ పట్టుబట్టి నన్ను జగిత్యాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో, దాని హాస్టల్లో చేర్పించింది. కాలేజీ కరపత్రం మీద 'ప్రతి ఆదివారం మాంసాహారం' అని ఎర్ర అక్షరాలతో ఉండేది. ఒక వారం కోడికూర, ఒక వారం మటన్ ఖీమా. నూటనలభై మంది ఆడపిల్లలం. రేకుల షెడ్డులో వంటగది, దాని ముందు పొడవాటి వరండాలో బంతులు. ఆ వంటగదిని ఒంటిచేత్తో నడిపింది రజియా ఖాలా. సన్నటి మనిషి. నూలు చీర కొంగు నడుముకు బిగించి, జుట్టు ముడి మీద ఒక పాత రుమాలు కట్టుకునేది. గొంతు మాత్రం ఆ ఒంటికి సరిపడేది కాదు. వరండా ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర పళ్ళెం కడిగే పిల్ల ఉలిక్కిపడేది. మొదటి రెండు నెలలు నేను ఆమె కళ్ళలోకి చూసి అన్నం పెట్టించుకోలేదు.

ఆమెకు దగ్గరైంది ఒక శిక్ష వల్ల. నాన్నకు శుక్రవారం సెలవు. ఆ సాయంత్రం నాన్నతో మాట్లాడాలని అమ్మ ఒక చిన్న బటన్ల ఫోన్ నా పెట్టెలో బట్టల కింద పెట్టి పంపింది. హాస్టల్లో ఫోన్ ఉండకూడదు. స్నానాల గదుల వెనక మాట్లాడుతూ వార్డెన్ మేడానికి దొరికిపోయాను. ఫోన్ తీసుకుని ఆఫీసులో పెట్టేసింది. పది రోజులు సాయంత్రం పూట వంటగదిలో పప్పులో రాళ్ళు ఏరమంది. నేను ఏడుస్తూ వెళ్ళి చాట ముందు కూర్చున్నాను. ఖాలా కాసేపు చూసింది.

"ఎందుకేడుస్తున్నవ్?"

"పనిష్మెంట్ ఇచ్చిన్రు."

"ఏందది? పప్పు ఏరుడా?" ఆమె పెద్దగా నవ్వింది. "యా అల్లా! గిది శిక్షయితే నేను ముప్పై ఏండ్ల సంది జేల్ల ఉన్నట్టే గదా. కండ్లు తుడ్సుకో. కండ్లల్ల నీళ్ళుంటే రాయి కానరాదు."

పది రోజులు గడిచినా నేను వెళ్ళడం మానలేదు. చదువుకునే గంటకు ముందు అరగంట దొరికితే చాలు, వంటగదిలో ఉండేదాన్ని. ఆమె ఉర్దూ చదివేది, తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాదు. డబ్బాలన్నీ ఒకేలా ఉండి ప్రతిసారీ మూత తీసి చూడాల్సి వస్తోందని, వాటి మీద పేర్లు రాసి అంటించమంది. నోటు పుస్తకం కాగితాలు చించి పెద్ద అక్షరాలతో రాశాను: కందిపప్పు, పెసరపప్పు, శనగపప్పు, పుట్నాలు. తర్వాత వారం రోజులు ఆమె ఆ అక్షరాల మీద వేలు పెట్టి, "గిది శ. ఇగో, గీ కొమ్ము తిరిగి గిట్లస్తది" అని తనకు తానే పాఠం చెప్పుకుంది. అన్నిట్లో శనగపప్పు అనే మాటే ఆమెకు బాగా పట్టుబడింది. రోజూ ఎక్కువగా తీసేది ఆ డబ్బానే.

ఖీమాలో పప్పు కలపడం ఆమెకు చేతకాని పని కాదు, చిల్లర పని అంతకన్నా కాదు. ఉల్లిగడ్డ, అల్లమెల్లిగడ్డ ఎర్రగా వేగాక ఖీమా వేసి, అది వదిలిన నీరు సగం ఇగిరేదాకా కదలకుండా నిలబడి చూసేది. అప్పుడు, అంతకుముందు కాదు, రెండు గంటలు నానిన శనగపప్పు అందులో వేసేది. పైన చుక్క నీళ్ళు పోయనిచ్చేది కాదు. "నీళ్ళల్ల ఉడికిన పప్పు పప్పే బిడ్డా. ఖీమా రసంల ఉడికిన పప్పు సగం ఖీమా" అనేది. ఏ పప్పు ఎందుకో ఒక్కోటీ చెప్పేది. ఎర్రపప్పు కరిగిపోయి చిక్కదనమిస్తుంది కానీ పంటికి తగలదు. పెసరపప్పు వేస్తే బంకగా అవుతుంది. కబాబులకు పుట్నాల పిండి కావాలి, అది ముద్దను విడిపోకుండా పట్టి ఉంచుతుంది. అసలు ముక్కల కూర కాకుండా ఖీమాయే ఎందుకని ఒకసారి అడిగాను. "ముక్కలైతే ఒకలకు బొక్క, ఒకలకు కండ. ముందటి బంతికి మంచియి, ఎన్కటి బంతికి పులుసు. ఖీమా అయితే అందరికి ఒక్క తీరు" అంది.

ఆమె తండ్రి కోరుట్లలో గిన్నెలకు కళాయి వేసేవాడట. ఇంట్లో పదకొండు మంది. పావు కిలో ఖీమా వచ్చిన రోజు పండగ. వాళ్ళ అమ్మీ పప్పు వేసి తలా ఒక గంటె వచ్చేలా చేసేది. "గని పళ్ళెంల ఏసేటప్పుడే చెప్పేది, ఇగో పప్పేసిన అని. దాచేది కాదు. మాకు సిగ్గు లేకుండె, ఆమెకు లేకుండె" అని ఖాలా చెప్పింది. అదే అలవాటు ఆమెకూ ఉండేది. ఖీమా వండిన ఆదివారం వరండాలో నిలబడి కూరగాయలమ్మేవాళ్ళలా కేక వేసేది: "ఖీమా-దాల్! పప్పున్నది, సూస్కొని తినున్రి!" మేం పడీపడీ నవ్వేవాళ్ళం. హాస్టల్ బోర్డు మీద 'మటన్ ఖీమా' అని రాసి ఉంటే, నన్ను పిలిచి పక్కన సుద్దముక్కతో 'పప్పు' అని కూడా రాయించేది. మేనేజర్ సారు రెండుసార్లు ఆ మాట చెరిపేశాడు. రెండుసార్లూ ఆమె మళ్ళీ రాయించింది.

ఈ మేనేజర్ సారు కాలేజీ యజమానికి బావమరిది. మాంసం తెచ్చేది ఆయనే. ఆదివారం పొద్దున బండి మీద స్టీలు బకెట్ తెచ్చి వంటగది గడప దగ్గర పెట్టేవాడు. నేను చేరిన కొత్తలో ఖీమా ఆ బకెట్ చెవుల దాకా ఉండేది. దసరా సెలవుల తర్వాత సగానికి కొంచెం పైన ఉండేది. సంక్రాంతి దాటాక సగానికి దిగింది. ఖాలా ఏమీ అనకుండా పప్పు పెంచింది. మొదట మాంసంలో సగం పప్పు. తర్వాత సమానం. ఆ తర్వాత రెండింతలు. పప్పు పెరిగిన కొద్దీ ఆమె పని కూడా పెరిగింది. మసాలా మార్చింది, పుదీనా పెంచింది, ఎర్రపప్పు కొంచెం కలిపి రసం చిక్కబరిచింది. మాకు తేడా తెలియలేదు. మేం వేళ్ళు నాకుతూ తిన్నాం. ఇప్పుడు తలచుకుంటే నాకు అన్నిటికన్నా ఎక్కువ మండేది ఇక్కడే.

రెండో సంవత్సరం వానాకాలంలో ఒక ఆదివారం నేను వంటగదిలో ఉన్నాను. బకెట్ అడుగున, నాలుగు వేళ్ళ ఎత్తు కూడా లేదు ఖీమా. దానితోపాటు మీల్ మేకర్ సంచి ఒకటి పెట్టి వెళ్ళబోతున్నాడు మేనేజర్. ఖాలా ఆపింది.

"సార్, గిదేంది? గిది ఎంతమందికి?"

"అందరికి."

"ఎట్లస్తది సార్? పోయినసారే పప్పుల ఖీమా ఎత్కుకున్నరు పిల్లలు. ఎదిగే పిల్లలు. పొద్దంత సదువుతరు."

ఆయన నవ్వాడు. కోప్పడలేదు, కసురుకోలేదు. ఎంతో మెచ్చుకోలుగా అన్నాడు: "నువ్వున్నవ్ గదా ఖాలా. నీ చేతిల మహిమ ఉన్నది. నువ్వు గడ్డి ఏసి వండినా గీ పోరగాండ్లు లొట్టలేస్కుంట తింటరు."

బండి వెళ్ళిపోయింది. ఖాలా ఆ బకెట్ దగ్గరే గొంతుక్కూర్చుంది. చాలాసేపు తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. "నేను సాగదీస్తున్న కొద్ది ఆయన కోస్తున్నడు బిడ్డా" అంది చివరికి. "మా అమ్మీ పప్పేసింది పంచెతందుకు. నా పప్పు దొంగతనాన్ని కప్పెతందుకు అయ్యింది. నా చెయ్యే ఆయనకు పరదా అయ్యింది." నేను అప్పుడు పదహారేళ్ళ పిల్లను. లెక్కల్లో, ఫిజిక్స్‌లో మొదటి మార్కులు తెచ్చుకునే పిల్లను. ఆమె ఒక్క మాటలో చెప్పింది ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు. మన నేర్పుతో ఎంత సర్దితే మన నోటి దగ్గర అంత కోసేవాళ్ళు ఉంటారని, మన ఓర్పే వాళ్ళకు పెట్టుబడి అని.

ఆ రోజు ఆమె పప్పు వేయలేదు. మీల్ మేకర్ సంచి విప్పలేదు. వచ్చిన ఖీమా వచ్చినట్టు వండింది. అన్నం, పక్కన ఉత్త పప్పు, ఆ పక్కన ఒక్క చెంచా ఖీమా. పెద్ద గంటె కాదు, చెంచా. మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా కొలిచినట్టు పెట్టింది. వరండా అంతా గొడవ. పళ్ళేలు మోగించారు. "గిదేం ఖాలా, పిల్లికి వెట్టినట్టు?" అని ఎవరో అరిచారు. ఖాలా ఖాళీ బకెట్ పైకెత్తి అందరికీ చూపించింది.

"వచ్చింది గింతే. గిన్నొద్దులు పప్పు గప్పి మీకు కానరాకుంట జేసిన, నాది తప్పే. ఇయ్యాల చూడున్రి. చూసి ఇండ్లల్ల చెప్పున్రి. మీ అమ్మనాయినలు వచ్చి అడగాలె, నేను అడిగితే ఎవ్వలిన్నరు?"

ఆమె అనుకున్నది అదీ. పిల్లలు ఇళ్ళలో చెబుతారని, తల్లిదండ్రులు వచ్చి అడుగుతారని. మాకు ఆకలి మాత్రమే అర్థమైంది. ఆ మాటలు ఆకలి దాకా వెళ్ళి ఆగిపోయాయి. సాయంత్రం మేనేజర్ వరండాలోకి వచ్చి, ఎంతో బాధపడుతున్నట్టు చేతులు కట్టుకుని నిలబడి, మాంసం నిండు బకెట్ వచ్చిందనీ, వంటామె సగం అమ్ముకుంటోందని తనకు చాలా రోజులుగా అనుమానమనీ చెప్పాడు. "రోజు ఇంటికి పోయేటప్పుడు టిఫిన్ పట్టుకపోతది, మీరు చూడలేదా?" అన్నాడు. చూశాం. ఆ టిఫిన్‌లో ఏముండేదో నాకు తెలుసు. మంచంలో ఉన్న ఆమె భర్త కోసం గిన్నె అడుగు గీకిన మాడు అన్నం, పప్పుకట్టు. నాకు తెలుసు, కానీ నేను చెప్పలేదు.

మరుసటి రోజు నన్ను ఆఫీసు గదికి పిలిచాడు. బల్ల మీద, నిరుడు వార్డెన్ మేడం తీసుకున్న నా ఫోన్ ఛార్జింగ్ పెట్టి ఉంది.

"స్వరూపా, నీ రాత ముత్యాలోలె ఉంటదట గదా. పిల్లలందరి తరఫున ఒక కంప్లైంట్ రాయాలె. వంటామె మాంసం దొంగతనం చేస్తుంది, శనగపప్పు కలిపి మోసం చేస్తుంది అని."

"సార్, ఆమె చెయ్యలేదు సార్."

ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని బటన్లు నొక్కుతూ చూశాడు. "గీ మస్కట్ నంబరు మీ నాయినదేనా? ఫోన్ చెయ్యన్నా? నీ బిడ్డ బాత్రూంల ఎన్క నిలబడి ఎవలతోనో గంటలు గంటలు మాట్లాడుతుంది అని చెప్పన్నా? చదువు బందు పెట్టి ఎల్లుండి వరకు తోల్కపోతరు. తర్వాత పెండ్లే."

నేను మాట్లాడింది నాన్నతోనే. అది నాన్నకూ తెలుసు. ఆ బెదిరింపులో పస లేదని ఇప్పుడు ఎంత తేలికగా తెలుస్తోందో! కానీ ఆ గదిలో, ఆ కుర్చీ ముందు, నాకు ఊళ్ళో ఆడపిల్లల గురించి అంటారు చూడండి, ఆ మాటలే వినిపించాయి. నాన్న నమ్మినా ఊరు నమ్మదు, మేనమామలు నమ్మరు. ఇదంతా నిజమే. కానీ అదొక్కటే అని చెబితే అబద్ధమవుతుంది. ముందు రోజు ఒక్క చెంచా ఖీమాకు నాకూ కోపం వచ్చింది. నేను ఆమెకు దగ్గరి పిల్లను కదా, నాకైనా ఒక చెంచా ఎక్కువ పెట్టలేదేమని లోపల ఎక్కడో ఉడుకుమోత్తనం ఉంది. ఆ ఉడుకుమోత్తనం కూడా కలం పట్టుకుంది. రాశాను. పేజీన్నర. కింద మొదటి సంతకం నాది. సాయంత్రానికి నూటముప్పై పైన సంతకాలయ్యాయి.

బుధవారం పొద్దున టిఫిన్లు అయ్యాక వంటగదిలోకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు. ఖాలా చేతిలో ఒక కాగితం ఉంది. ఆఫీసు వాళ్ళు జిరాక్స్ తీసి ఇచ్చారు.

"మంచిగచ్చినవ్ బిడ్డా. పని బందు అన్నరు. ఎందుకు అంటే గీ కాయిదం ఇచ్చిన్రు. ఏమున్నదో జెర సదువు."

నేను రాసిందే నేను చదివాను. ఆమె పక్కనే నిలబడి, నా భుజం మీదుగా కాగితంలోకి చూస్తోంది. 'శనగపప్పు కలిపి' అనే చోటికి వచ్చేసరికి నా చేతిలోంచి కాగితం తీసుకుంది. వేలు పెట్టి ఆ మాట వెతికింది. దొరికింది. ఆ కాగితం పట్టుకుని అల్మారా దగ్గరికి నడిచి, డబ్బా మీద నేను అంటించిన పేరు పక్కన పెట్టి చూసింది. అదే శ. అదే కొమ్ము. అదే తిరుగుడు.

నా వైపు తిరిగినప్పుడు ఆమె ముఖంలో ఏడుపు లేదు. అంత కోపం నేను అంతకుముందు ఎవరి ముఖంలోనూ చూడలేదు.

"నువ్వు రాసినవా?"

నేను తల వంచుకున్నాను.

"నీకు ఎర్కనే గదనే. బకిట్ నువ్వు చూసినవ్. నా టిఫిన్ నువ్వు చూసినవ్. ఎర్క లేనోళ్ళు రాస్తే నేనేమనకపోదు. అన్ని ఎర్కుండి రాసినవా?"

కొట్టి ఉంటే బాగుండేది. కొట్టలేదు. నడుముకు బిగించిన కొంగు విప్పుకుంది, మూలనున్న చెప్పులు వేసుకుంది. గడప దగ్గర ఆగి, నా వైపు చూడకుండా అంది: "తపేలల శనగపప్పు నానవోసి ఉన్నది. పొద్దెక్కితే పులుస్తది. ఎవలకన్న చెప్పి వండియ్యి, పారవోయకున్రి." అంతే. అవి హాస్టల్లో ఆమె చివరి మాటలు. దొంగ అని పేరు పెట్టి పంపేస్తుంటే కూడా, నూటనలభై మంది తినే పప్పు పులిసిపోకూడదని చెప్పి వెళ్ళింది. ఆ పప్పు పులిసింది. ఎవరూ వండలేదు. మధ్యాహ్నం దాన్ని మోరీలో పారబోస్తుంటే చూశాను.

కొత్త వంటామె వచ్చింది. బకెట్ అదే, మనిషి అదే. కొన్నాళ్ళకు ఖీమా పూర్తిగా పోయి గుడ్లు వచ్చాయి. ఆ గుడ్లు కూడా సగం సగం. ఎవరూ సంతకాలు పెట్టలేదు. నేను మంచి మార్కులతో పాసయ్యాను. వీడ్కోలు సభలో ఆ మేనేజర్ చేతుల మీదుగా నాకు జ్ఞాపిక ఇచ్చారు, నేను నవ్వుతూ ఫొటో దిగాను. తర్వాత డిగ్రీ, బీ.ఎడ్., ఉద్యోగం, సిరిసిల్లలో కాపురం. పన్నెండేళ్ళు. ఇన్నేళ్ళలో కోరుట్ల మీదుగా ఎన్నిసార్లు బస్సులో వెళ్ళానో లెక్కలేదు. ప్రతిసారీ కిటికీ వైపు కాకుండా లోపలి పక్క సీట్లో కూర్చునేదాన్ని. పిరికితనానికి కూడా ఒక పద్ధతి ఉంటుంది.

నాలుగేళ్ళ కిందట ఒక ఎండాకాలం సెలవుల్లో కోరుట్లలో దిగాను. రెండు వీధులు అడిగితే ఇల్లు చూపించారు. ఖాలా వాకిట్లో పీట మీద కూర్చుని షామీ కబాబులు ఒత్తుతోంది. పెళ్ళిళ్ళకు, దావత్‌లకు చేసి ఇస్తోందట. జుట్టు తెల్లబడింది. భర్త పోయాడు. నన్ను చూడగానే గుర్తుపట్టింది. చేతులు ఆగలేదు.

"ఎందుకచ్చినవ్?"

"ఖాలా, తప్పు చేసిన. నన్ను మాఫ్ చెయ్యిమని..."

"మాఫీ తోని నాకేం పని?" ఆమె గొంతు ఏమీ తగ్గలేదు. "గా ముచ్చట అయినంక జగిత్యాలల నాకు ఒక్కలు పని ఇయ్యలే. దొంగదని ఈడిదాంక పాకింది. మా ఆయిన మందులకు నేను ఎవలెవలను బతిమాలిన్నో నీకెర్కనా? నువ్వచ్చి ఏడిస్తే గవన్ని పోతయా?"

నేను నిలబడే ఉన్నాను. కూర్చోమనలేదు.

"గా సార్ ఇంక ఉన్నడా ఆడ?"

"ఉన్నడు."

"అదే కుర్సీలనా?"

"ఆ."

"మరి ఆడికి పోవాలె గని నా కాడికెందుకచ్చినవ్? నా కాడికి వచ్చుడు అల్కగనే ఉంటది. నేను ముసల్దాన్ని, ఏమంట? తిడ్త. గంతే. గా కుర్సీ ముంగట నిలబడు. రాసిన చెయ్యే గదా, మల్ల రాయి. నాకు సదివి ఇనిపించినవ్ సూడు, గట్లనే ఆయనకు సదివి ఇనిపియ్యి."

మరుసటి వారం జగిత్యాల వెళ్ళాను. అడ్మిషన్ల కాలం. ఆఫీసు గదిలో ఆడపిల్లలతో వచ్చిన తల్లిదండ్రులు ఐదారుగురు కూర్చుని ఉన్నారు. భవనం పెద్దదైంది, మేనేజర్ జుట్టుకు రంగు వేసుకున్నాడు. నన్ను పాత విద్యార్థినిగా గుర్తుపట్టి సంతోషించాడు. నేను కాగితం తీసి గట్టిగా చదివాను. పన్నెండేళ్ళ కిందట రజియా ఖాలా మీద నేను రాసిన ఫిర్యాదు అబద్ధమని, ఆమె మాంసం దొంగిలించలేదని, బకెట్‌లో వచ్చిందే అంత అని, ఆ బకెట్ తెచ్చింది ఈయనేనని, నన్ను బెదిరించి రాయించింది కూడా ఈయనేనని. మేనేజర్ వింటున్నంతసేపూ అదే నవ్వు. "పాత ముచ్చట్లు గిప్పుడెందుకు మేడం? చాయ్ తాగుతరా?" అన్నాడు.

ఒక తల్లి లేచి, "ఇప్పుడు మాంసం తెచ్చేదెవలు సార్?" అని అడిగింది. ఆయన బల్ల మీది ఫారాలు సర్దుకున్నాడు. ఆమె బిడ్డ చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. మిగతావాళ్ళు కూర్చునే ఉన్నారు, ఫారాలు నింపుతూ. అంతే జరిగింది. ఎవరూ ఆయన్ని ఏమీ చేయలేదు. యజమానికి రిజిస్టర్ పోస్టులో పంపిన ప్రతికి ఇవాళ్టి వరకు జవాబు లేదు. న్యాయం గెలిచిందని రాయాలని నాకూ ఉంది. గెలవలేదు.

అక్కణ్ణించి నేరుగా కోరుట్ల వెళ్ళి జరిగిందంతా ఖాలాకు చెప్పాను. ఆమె రెండే ప్రశ్నలు అడిగింది.

"గట్టిగ సదివినవా?"

"గట్టిగనే సదివిన."

"అందరిన్నరా?"

"ఇన్నరు."

ఆమె లేచి లోపలికి వెళ్ళి ఒక పళ్ళెం తెచ్చింది. అందులో అన్నం, ఒక గంటెడు ఖీమా. "కూసో. పప్పేసిన" అంది. క్షమించానని ఆ రోజూ అనలేదు, ఆ తర్వాత మూడేళ్ళలో నేను వెళ్ళినప్పుడల్లా కూడా అనలేదు. నేనూ మళ్ళీ అడగలేదు. వెళ్ళిన ప్రతిసారీ వంట నేర్పింది, తప్పు చేస్తే తిట్టింది. నిరుడు రంజాన్‌కు ముందు జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది. మట్టి అయ్యాక తెలిసింది నాకు.

కోపం ఆరోగ్యానికి మంచిది కాదని మా ఆయన అంటాడు. స్టాఫ్ రూంలో ఆ సారుకు సారీ చెప్పమన్నాడు. చెప్పాను, ఆయన మీద అరిచినంతవరకు చెప్పాను. మిగతా కోపాన్ని మాత్రం చల్లారనివ్వను. అది చల్లారితే నేను మళ్ళీ ఆ హాస్టల్ పిల్లనైపోతానేమోనని భయం. ఇంట్లో నేనూ ఖీమాలో పప్పు వేస్తాను, వేశానని చెప్పే వడ్డిస్తాను. బడిలో మాత్రం సర్దుబాటు అనే మాట నా చెవిన పడితే చాలు, ఒళ్ళు మండుతుంది.

పోయిన సోమవారం మా బడిలో మధ్యాహ్న భోజనం వండే గదికి సరుకు దిగింది. వంట చేసే భూలక్ష్మక్క పప్పు సంచి చేత్తో ఎత్తి చూసి, నన్ను చూసి నవ్వింది.

"జెర తక్కువనే ఉన్నట్టుంది టీచరమ్మా. తియ్, ఏదో ఒకటి చేసి సర్దుత. పిల్లలకు తెల్వనియ్య."

"సర్దకక్కా. ముందు తూకం పెట్టు."

"తిండి ఆలిశమైతది గదమ్మా."

"కానీ. ఎందుకు ఆలస్యమైందో పిల్లలకు నేను చెబుతాను."

సరుకు తెచ్చినతను గడియారం చూసుకుని, ఆటో ఇంజిను ఆపకుండానే విసుగ్గా నిలబడ్డాడు. సంచి కాటా మీదికి ఎక్కేదాకా నేను గడపలోంచి పక్కకు జరగలేదు.